మూడు జెండాలు, ఒక్క బంతి: తలంత్ దుయ్‌షెబాయెవ్ కహానీ

ముందు పేరు సంగతి చూద్దాం. తలంత్ దుయ్‌షెబాయెవ్. మొదటిసారి వింటే నోరు తిరగదు. కానీ కొంచెం విప్పి చూస్తే అందులో మనకు తెలిసిన లఫ్జే కనిపిస్తుంది. ఉర్దూ, ఫార్సీ చదువుకున్న మన బుజుర్గులు సోమవారాన్ని దోషంబా అని రాసేవాళ్ళు. ఆ దోషంబాయే మధ్య ఆసియాకు పోయి కిర్గిజ్ జబాన్‌లో దుయ్‌షొంబు అయింది. సోమవారం పుట్టిన మగపిల్లాడికి దుయ్‌షె అనో, దుయ్‌షెన్ అనో పేరు పెట్టుకోవడం అక్కడి రివాజ్. దాని పక్కనున్న 'బాయ్' తుర్కీ మాట. కలిగినవాడు, ఇంటి పెద్ద అని మానీ. చివరి 'ఎవ్' రష్యన్ సర్కారీ కాగితాలు తగిలించిన తోక. ఒక్క ఖాందానీ పేరులో ఫార్సీ, తుర్కీ, రష్యన్ మూడూ ఇమిడి ఉన్నాయి. ఆ పేరు మోసిన మనిషి జిందగీ కూడా అలాగే నడిచింది.

తలంత్ హ్యాండ్‌బాల్ ఆటగాడు. ఆ తర్వాత కోచ్. ఒలింపిక్స్‌లో ఒక జెండా కింద ఆడాడు, వరల్డ్ చాంపియన్‌షిప్‌లో ఇంకో జెండా కింద ఆడాడు, మిగతా జిందగీ మూడో జెండా కింద ఆడాడు. కోచ్ అయ్యాక మరో రెండు ముల్కుల జట్లను నడిపాడు. మామూలుగా ఇలాంటి మనిషి గురించి మన చుట్టూ ఒకటే సవాల్ వినిపిస్తుంది: ఇంతకీ ఇతను ఎవరివాడు? ఎవరికి వఫాదార్? ఆ సవాల్ మన ఇళ్ళకు కొత్తది కాదు కాబట్టే ఈ కహానీ మీకు చెప్పాలనిపించింది.

ఆట గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. మన స్కూళ్ళలో పీఈటీ సార్లు హ్యాండ్‌బాల్ ఆడిస్తారు గానీ టీవీలో చూసేవాళ్ళు తక్కువ. హాల్లో ఆడే ఆట ఇది. కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు 7 మంది. అరగంట చొప్పున రెండు భాగాలు. బంతి చేతిలో పట్టుకుని మూడు అడుగుల కంటే ఎక్కువ వేయకూడదు, మూడు సెకన్ల కంటే ఎక్కువ ఉంచుకోకూడదు. గోల్ ముందు 6 మీటర్ల గీత లోపల గోల్‌కీపర్‌కు తప్ప ఎవరికీ కాలు మోపే ఇజాజత్ లేదు. అందుకే ఆటగాళ్ళు గీత బయటి నుంచి గాల్లోకి ఎగిరి, కాలు నేలకు తగిలేలోపు బంతి విసురుతారు. ఒక్కో జట్టు మ్యాచ్‌కు 25, 30 గోల్స్ కొట్టడం ఇందులో మామూలు. 1972 మ్యూనిఖ్ నుంచి ఈ హాల్ ఆట ఒలింపిక్స్‌లో ఉంది. తలంత్ ఆడిన చోటు సెంటర్ బ్యాక్. మధ్యలో నిలబడి, ఎవరు ఎటు పరిగెత్తాలి, బంతి ఎవరికి పోవాలి అని చూసుకుంటూ ఆట మొత్తం నడిపేవాడి చోటు అది.

తలంత్ 1968 జూన్ 2న ఫ్రూంజె షహర్‌లో పుట్టాడు. అది అప్పటి సోవియట్ యూనియన్‌లోని కిర్గిజ్ రిపబ్లిక్‌కు రాజధాని. అదే షహర్‌లో పుట్టిన మిఖాయిల్ ఫ్రూంజె అనే బోల్షెవిక్ సేనాని పేరు దానికి పెట్టారు. అంతకు ముందు దాని పేరు పిష్పెక్. 1991లో మళ్ళీ మార్చి బిష్కెక్ అన్నారు. చూడండి, మనిషి జెండాలు మార్చాడని అంటాం, అతను పుట్టిన ఊరు కూడా ఉన్నచోటే ఉండి పేరు మార్చుకుంది.

కిర్గిజ్ వాళ్ళు కొండల మనుషులు, గుర్రాల మనుషులు. ఎక్కువమంది ముస్లింలు. వాళ్ళ జబాన్‌ను మొదట అరబీ లిపిలో రాసేవాళ్ళు. 1920ల చివర్లో లాటిన్ లిపి తెచ్చారు. 1940ల మొదట్లో అది కూడా తీసేసి రష్యన్ లిపి పెట్టారు. దాదా రాసిన ఖత్ పోతా చదవలేని హాలత్ వచ్చింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ తెలుగులో రాసుకునే మనకు ఆ దర్ద్ కొంత తెలుసు. పాత సోవియట్ పుస్తకాలు తెలుగులో చదివిన మన అబ్బాల తరానికి చింగీజ్ ఐత్మాతోవ్ పేరు తెలిసే ఉంటుంది. 'జమీల్యా' రాసిన ఆయన కిర్గిజ్ వాడే. పల్లెలో మొదటి బడి పెట్టిన టీచర్ గురించి ఆయన రాసిన మరో కథ ఉంది. అందులో ఆ ఉస్తాద్ పేరు దుయ్‌షెన్. అదే సోమవారం పేరు.

హ్యాండ్‌బాల్‌లో బాగా రాణించే కుర్రాడికి అప్పట్లో దారి ఒకటే, మాస్కో. తలంత్ అక్కడి సీఎస్‌కేఏ జట్టులో చేరాడు. అది సోవియట్ ఫౌజ్ వాళ్ళ స్పోర్ట్స్ క్లబ్. ఫ్రూంజె నుంచి మాస్కో అంటే దాదాపు మూడు వేల కిలోమీటర్లు. అంత దూరం పోయినా ముల్క్ ఒకటే, పాస్‌పోర్ట్ ఒకటే. 1991 చివరికి ఆ ముల్కే లేకుండా పోయింది.

ఇక్కడ కాస్త ఆగి తారీఖ్ చూడాలి. 1991 ఆగస్టు 31న కిర్గిజిస్తాన్ ఆజాదీ ప్రకటించుకుంది. అదే ఏడాది డిసెంబర్‌లో సోవియట్ యూనియన్ రద్దయింది. మరో ఏడు నెలల్లో బార్సిలోనాలో ఒలింపిక్స్. పాత జట్టు ఉంది, దాని వెనక ముల్క్ లేదు. పదిహేను రిపబ్లిక్కుల్లో మూడు బాల్టిక్ రిపబ్లిక్కులు విడిగా తమ జట్లతో వచ్చాయి. మిగతా పన్నెండూ కలిసి 'యూనిఫైడ్ టీమ్' అనే పేరుతో దిగాయి. ఒక్కడిగా ఆడి గెలిస్తే ఆ ఆటగాడి సొంత రిపబ్లిక్ జెండా ఎగరేశారు. జట్టుగా గెలిస్తే ఐదు రింగుల ఒలింపిక్ జెండా, ఒలింపిక్ గీతం. ఎందుకంటే ఒకే జట్టులో నాలుగైదు కొత్త ముల్కుల వాళ్ళున్నారు, ఎవరి జెండా ఎత్తాలి?

ఆ హ్యాండ్‌బాల్ జట్టుకు కోచ్ స్పార్తాక్ మిరోనోవిచ్, బెలారూస్ మనిషి. గోల్‌కీపర్ ఆంద్రెయ్ లవ్రోవ్, రష్యా వాడు. ఆట నడిపించింది కిర్గిజ్ కుర్రాడు తలంత్, అప్పటికి 24 ఏళ్ళు. ఫైనల్లో స్వీడన్‌ను 22–20తో ఓడించి సోనా పతకం తెచ్చుకున్నారు. పోడియం మీద నిలబడ్డప్పుడు పైకి పోయే జెండా వాళ్ళలో ఎవరి ముల్క్‌దీ కాదు. వినిపించిన గీతం ఎవరి బడిలోనూ పాడింది కాదు. అయినా మెడలో పడ్డ పతకం అసలైనదే. మెహనత్ వాళ్ళది, ఆ మెహనత్‌కు ఒక జెండా అవసరం పడలేదు.

ఆ ఒలింపిక్స్ అయ్యాక తలంత్ రోజీ వెతుక్కుంటూ స్పెయిన్ పోయాడు. ఉత్తర స్పెయిన్‌లో సముద్రం ఒడ్డున శాంతాందెర్ అనే ఊరు ఉంది. అక్కడి తేకా క్లబ్‌లో చేరాడు. అదే ఏడాది డిసెంబర్‌లో అక్కడే పెద్ద కొడుకు అలెక్స్ పుట్టాడు. 1993 మార్చిలో వరల్డ్ చాంపియన్‌షిప్ వచ్చింది. హ్యాండ్‌బాల్‌లో ఆ స్థాయి జట్టును కొత్త కిర్గిజిస్తాన్ నిలబెట్టగలిగే పరిస్థితి లేదు. తలంత్ రష్యా జట్టుకు ఆడాడు. ఫైనల్లో ఫ్రాన్స్‌ను 28–19తో ఓడించి రష్యా వరల్డ్ చాంపియన్ అయింది. 1994లో తేకా శాంతాందెర్ యూరప్ చాంపియన్స్ లీగ్ గెలిచింది. అదే 1994కు గాను అంతర్జాతీయ హ్యాండ్‌బాల్ ఫెడరేషన్ తలంత్‌ను ప్రపంచ ఉత్తమ ఆటగాడిగా ఎంచింది.

ఆ తర్వాత ఆయన స్పెయిన్ పౌరసత్వం తీసుకున్నాడు. పిల్లాడు అక్కడ పుట్టాడు, పని అక్కడ, దస్తర్‌ఖాన్ అక్కడ పరుచుకుంది. 1996 నాటికి స్పెయిన్ చొక్కా వేసుకున్నాడు. ఆ ఏడాది యూరో చాంపియన్‌షిప్‌కు మేజ్‌బాన్ స్పెయిన్. ఫైనల్ సెవిల్ షహర్‌లో. తక్దీర్ చూడండి, ఎదురుగా రష్యా. మూడేళ్ళ క్రితం ఎవరితో కలిసి వరల్డ్ కప్ ఎత్తాడో వాళ్ళ జట్టు. మ్యాచ్ 23–22. ఒక్క గోల్ తేడాతో రష్యా గెలిచింది. తలంత్ ఓడిపోయిన వైపు ఉన్నాడు.

ఆ ఒక్క గోల్ గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. అలాంటి రాత్రి శక్ పడేవాళ్ళు రెండు వైపులా పుట్టుకొస్తారు. ఇటువైపు వాళ్ళు, పాత దోస్తుల మీద చెయ్యి ఆడలేదేమో అంటారు. అటువైపు వాళ్ళు, మనల్ని వదిలిపోయినవాడికి బాగా అయింది అంటారు. ఆట మాత్రం అలాంటి మాటలకు జాగా ఇవ్వదు. ఎన్ని పాస్‌లు ఇచ్చాడు, ఎన్ని గోల్స్ కొట్టాడు, ఎంత పరిగెత్తాడు అన్నది అందరి కళ్ళ ముందే జరుగుతుంది. కొన్ని వారాల తర్వాత అట్లాంటా ఒలింపిక్స్‌లో తలంత్ ఆడిన స్పెయిన్ ఫ్రాన్స్‌ను 27–25తో ఓడించి కాంస్యం తెచ్చుకుంది. 1996కు గాను ఫెడరేషన్ మళ్ళీ ఆయన్నే ప్రపంచ ఉత్తమ ఆటగాడిగా ఎంచింది. మొదటి ఇజ్జత్ రష్యా ఆటగాడిగా పేరు తెచ్చుకున్న రోజుల్లో, రెండోది స్పెయిన్ ఆటగాడిగా. హునర్ ఒక్కటే.

2000 సిడ్నీలో మరో విచిత్రం. రష్యా సోనా గెలిచింది, స్పెయిన్ యుగోస్లావియాను ఓడించి కాంస్యం గెలిచింది. రష్యా గోల్‌కీపర్ మళ్ళీ లవ్రోవ్. ఆయన 1988 సియోల్‌లో సోవియట్ జెండా కింద, 1992లో ఒలింపిక్ జెండా కింద, 2000లో రష్యా జెండా కింద సోనా గెలిచాడు. ఆయన ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే మూడు జెండాలు మారాయి. తలంత్ పోయాడు, కాబట్టి మూడు జెండాలు మారాయి. బార్సిలోనాలో ఒకే జట్టులో నిలబడ్డ ఇద్దరూ ఎనిమిదేళ్ళ తర్వాత సిడ్నీలో రెండు వేర్వేరు చొక్కాల్లో పతకాలు తీసుకున్నారు. వాళ్ళిద్దరిలో ఒకడు వఫాదార్, ఇంకొకడు బేవఫా అని ఎవరు తేల్చగలరు?

ఈ మాట దూరదేశం సంగతి అనుకోకండి. మన దక్కన్‌లో కూడా ఇదే జరిగింది. హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్ సాహెబ్ ఇండియా టెస్ట్ జట్టుకు కెప్టెన్‌గా చేశారు. ఆయన ఖాందాన్‌లో పుట్టిన ఆసిఫ్ ఇక్బాల్ హైదరాబాద్‌లో ఆడి, 1961లో పాకిస్తాన్ పోయి, ఆ ముల్క్ కెప్టెన్ అయ్యారు. అబ్దుల్ హఫీజ్ కార్దార్, అమీర్ ఇలాహీ, గుల్ మొహమ్మద్ అయితే ఇండియాకూ పాకిస్తాన్‌కూ రెండింటికీ టెస్టులు ఆడారు. తారీఖ్ గీత గీస్తే మనుషులు ఏదో ఒక పక్క నిలబడాల్సి వస్తుంది. నిలబడ్డ పక్కన ఎలా ఆడారన్నదే వాళ్ళ చేతిలో ఉన్న సంగతి.

నా చిన్నప్పుడు మా బడిలో ఇండియా–పాకిస్తాన్ మ్యాచ్ మర్నాడు నాకు భయంగా ఉండేది. ఇండియా గెలిస్తే, 'ఏంరా, బాధగా ఉందా?' అనేవాళ్ళు. ఓడితే, 'ఏంరా, స్వీట్లు పంచారా?' అనేవాళ్ళు. ముందు రోజు రాత్రి మా అబ్బా రేడియో పక్కన కూర్చుని మన అజహర్ ఔట్ అయితే అన్నం ముట్టకుండా లేచిపోయేవారని వాళ్ళకు ఎలా చెప్పాలో నాకు తెలిసేది కాదు. చెప్పినా నమ్మరని తెలుసు. ఇప్పుడు మన పిల్లలకు అదే సవాల్ వాట్సాప్ గ్రూపుల్లో ఎదురవుతోంది. సౌదీలో, ఖతర్‌లో, అమెరికాలో రోజీ చేసుకుంటున్న మన భాయిలకు అక్కడ ఇంకో రకంగా ఎదురవుతోంది. తలంత్ కహానీలో నాకు దొరికిన జవాబు ఇది: వఫా అనేది నోటితో ఇచ్చే సర్టిఫికెట్ కాదు. ఎక్కడ నిలబడ్డావో అక్కడ నీ పని పూరా చేసి చూపించడం.

ఇక ఆయన కోచ్ అయిన సంగతి. 1997లో శాంతాందెర్ వదిలి జర్మనీ పోయాడు. నెట్టెల్‌ష్టెట్, మిండెన్ క్లబ్బుల్లో నాలుగేళ్ళు ఆడి, 2001లో మళ్ళీ స్పెయిన్ తిరిగొచ్చాడు. ఈసారి లా మాంచా మైదానాల్లో ఉన్న చిన్న షహర్ స్యూదాద్ రెయాల్. అక్కడి క్లబ్‌కు కోచ్‌గా ఉన్న హువాన్ డి దియోస్ రొమాన్, అంతకు ముందు అట్లాంటా, సిడ్నీల్లో స్పెయిన్ జట్టును నడిపిన పెద్ద ఉస్తాద్. 2005లో ఆయన దిగిపోయాక ఆ కుర్చీ షాగిర్ద్‌కు దక్కింది. అప్పటికి తలంత్ ఇంకా ఆట మానలేదు. 2007 దాకా ఆటగాడూ తనే, కోచూ తనే.

మన ఇళ్ళలో కార్ఖానా నడిపేవాళ్ళకు ఈ హాలత్ అర్థమవుతుంది. నిన్నటి దాకా పక్కన కూర్చుని పని చేసినవాడు ఈరోజు మేస్త్రీ అయితే తోటి కారీగర్లు ముందు అతని చేతివైపు చూస్తారు, తర్వాత నోటివైపు చూస్తారు. చేతిలో పని ఉంటేనే మాట చెల్లుతుంది. తలంత్‌కు ఆ ఇబ్బంది లేదు. సెంటర్ బ్యాక్‌గా ఇరవై ఏళ్ళు చేసిన పనే ఇప్పుడు గీత బయటి నుంచి చేయాలి. 2006లో స్యూదాద్ రెయాల్ చాంపియన్స్ లీగ్ గెలిచింది.

2008, 2009 ఫైనల్స్ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అధూరా. రెండుసార్లూ ఎదురు జట్టు జర్మనీకి చెందిన కీల్. అప్పట్లో ఫైనల్ అంటే రెండు మ్యాచ్‌లు, ఒకటి మన ఇంట్లో, ఒకటి వాళ్ళ ఇంట్లో. రెండింటి గోల్స్ కలిపి లెక్క. 2008లో సొంత హాల్లోనే 27–29తో ఓడిపోయారు. కథ అయిపోయిందనుకున్నారు అందరూ. తర్వాత కీల్ హాల్‌కు పోయి 31–25తో గెలిచి కప్పు తెచ్చుకున్నారు. 2009లో ఉల్టా. ముందు కీల్‌లో 34–39తో ఓడారు. అంటే ఐదు గోల్స్ అప్పు. ఇంటికి వచ్చి 33–27తో గెలిచారు. ఆరు గోల్స్. మొత్తం 67–66. ఒక్క గోల్. పదమూడేళ్ళ కింద సెవిల్‌లో ఏ ఒక్క గోల్ తేడాతో యూరో చేజారిందో, అదే ఒక్క గోల్ ఈసారి ఆయన వైపు నిలబడింది.

అయితే అంతా గెలుపే కాదు. 2008 తర్వాత స్పెయిన్‌ను పెద్ద మందీ పట్టుకుంది. క్లబ్బుల జేబులు ఖాళీ అయ్యాయి. 2011లో స్యూదాద్ రెయాల్ క్లబ్ ఉన్నపళంగా మాడ్రిడ్‌కు తరలిపోయి అత్లెతికో మాడ్రిడ్ పేరు పెట్టుకుంది. 2011లో ఒక ఫైనల్, 2012లో ఇంకో ఫైనల్ ఓడిపోయారు. 2013లో డబ్బు లేక ఆ క్లబ్బే మూతపడింది. ముల్క్ మాయమవడం చూసినవాడు ఇప్పుడు క్లబ్ మాయమవడం కూడా చూశాడు. 45 ఏళ్ళ వయసులో మళ్ళీ పెట్టె సర్దుకున్నాడు. 2014 జనవరిలో పోలండ్‌లోని కియెల్సె క్లబ్‌కు కోచ్‌గా పోయాడు.

ఆయన్ని ఫరిష్తా చేసి చూపించడం నా ఉద్దేశం కాదు. సైడ్‌లైన్ మీద ఆయన గుస్సా యూరప్ అంతా ఎరుగును. 2014లోనే ఒక చాంపియన్స్ లీగ్ మ్యాచ్ తర్వాత ఎదురు జట్టు కోచ్‌తో జరిగిన గొడవకు యూరప్ ఫెడరేషన్ ఆయనకు జరిమానా వేసింది. బడా ఉస్తాద్ అయినంత మాత్రాన తప్పుకు మాఫీ లేదు. ఇది కూడా మన పిల్లలకు చెప్పాల్సిన మాటే.

ఇప్పుడు 2016 మే నెల, జర్మనీలో కొలోన్ షహర్. చాంపియన్స్ లీగ్ ఫైనల్. ఒకవైపు కియెల్సె, ఇంకోవైపు హంగేరీకి చెందిన వెస్‌ప్రేమ్. కొద్ది నెలల క్రితం దాకా హంగేరీ జాతీయ జట్టు కోచ్ ఎవరనుకున్నారు? తలంతే. 2014 నుంచి ఆ పని చేసి, 2016లో పోలండ్ జాతీయ జట్టుకు మారాడు. అంటే మళ్ళీ అదే ఇమ్తిహాన్: నిన్నటి వాళ్ళు ఎదురుగా, ఈరోజు వాళ్ళు పక్కన.

మ్యాచ్‌లో సుమారు పావుగంట మిగిలి ఉంది. స్కోరు వెస్‌ప్రేమ్ 28, కియెల్సె 19. తొమ్మిది గోల్స్ వెనక. ఈ ఆట తెలిసినవాళ్ళు అప్పటికి టీవీ కట్టేసి ఉంటారు. ఆ తర్వాతి పావుగంటలో కియెల్సె పది గోల్స్ కొట్టింది, వెస్‌ప్రేమ్ ఒక్కటే కొట్టగలిగింది. 29–29. అదనపు సమయంలో 35–35. చివరికి పెనాల్టీ త్రోల మీద 39–38తో కప్పు కియెల్సెది. పోలండ్ క్లబ్ చాంపియన్స్ లీగ్ గెలవడం అదే మొదటిసారి.

ఇలాంటి మ్యాచ్ తర్వాత అందరూ కరిష్మా అంటారు. నాకు అది కరిష్మా అనిపించదు. హ్యాండ్‌బాల్‌లో కోచ్‌కు టైమ్‌అవుట్ అంటే ఒక్క నిమిషం. ఆ నిమిషంలో రెండు మూడు జబాన్లు కలిపి, ఒక్కొక్కడికి అర్థమయ్యే మాటలో చెప్పేవాడు తలంత్. తొమ్మిది గోల్స్ ఒకేసారి రావు. ముందు ఒక్క దాడిని ఆపాలి, తర్వాత ఒక్క గోల్ కొట్టాలి, మళ్ళీ ఒకటి ఆపాలి. సబర్ అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం అని మనలో చాలామంది అనుకుంటారు. ఆ పావుగంటలో కనిపించిన సబర్ వేరు. ఓటమి ఖరారైనట్టు కనిపిస్తున్నా తర్వాతి పని తప్పకుండా చేయడం అది.

ఆ వేసవిలోనే రియో ఒలింపిక్స్‌కు పోలండ్ జట్టుతో పోయాడు. సెమీఫైనల్లో డెన్మార్క్ చేతిలో అదనపు సమయంలో 28–29తో ఓడి, కాంస్యం మ్యాచ్‌లో జర్మనీకి ఓడి, నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. ఆ తర్వాత కియెల్సెతో 2022లో బార్సిలోనా చేతిలో పెనాల్టీల మీద, 2023లో మాగ్డెబుర్గ్ చేతిలో అదనపు సమయంలో ఒక్క గోల్ తేడాతో ఫైనల్స్ పోగొట్టుకున్నాడు. ఒక్క గోల్ ఆయన్ని జిందగీ అంతా వెంటాడుతూనే ఉంది, కొన్నిసార్లు దోస్త్‌గా, ఎక్కువసార్లు దుష్మన్‌గా.

ఇక ఈ కహానీలో నా దిల్‌కు దగ్గరైన భాగం. తలంత్‌కు ఇద్దరు కొడుకులు, అలెక్స్, దానియెల్. ఇద్దరూ శాంతాందెర్‌లోనే పుట్టారు, ఇద్దరూ హ్యాండ్‌బాల్ ఆటగాళ్ళే అయ్యారు, ఇద్దరూ కియెల్సెలో తండ్రి కింద ఆడారు. బాప్ ఉస్తాద్, బేటా షాగిర్ద్. బయటివాళ్ళకు ముచ్చటగా ఉంటుంది గానీ లోపల అది కత్తి మీద నడక. కొడుకును ఆడిస్తే సిఫారిష్ అంటారు. కూర్చోబెడితే ఇంట్లో మొహాలు మాడతాయి. కొడుకు తప్పు చేస్తే మిగతావాళ్ళను తిట్టినట్టే తిట్టాలి, తర్వాత అదే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని అన్నం తినాలి.

అలెక్స్ తన పేరు ముందు బయట సంపాదించుకున్నాడు. మాసిడోనియాలోని వర్దార్ క్లబ్‌తో 2017లో చాంపియన్స్ లీగ్ గెలిచి, ఆ తర్వాతే తండ్రి దగ్గరికి కియెల్సె వచ్చాడు. స్పెయిన్ 2018లో, 2020లో యూరో గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. కాబట్టి 'బాప్ జట్టు కాబట్టి చోటు దొరికింది' అని ఎవరైనా అంటే జవాబు మెడలోనే వేలాడుతోంది.

ఈ బాప్–బేటా సంగతి రాస్తుంటే మన హైదరాబాద్ రహీం సాహెబ్ గుర్తు రాకుండా ఎలా ఉంటారు? సయ్యద్ అబ్దుల్ రహీం, పేషాతో స్కూల్ టీచర్, ఇండియా ఫుట్‌బాల్ కోచ్. ఆయన జట్టు 1951లోనూ, 1962లోనూ ఏషియన్ గేమ్స్ సోనా గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు ఆయన తీసుకుపోయిన జట్టులో సొంత కొడుకు ఎస్.ఎస్. హకీం కూడా ఉన్నారు. హకీం సాహెబ్ తర్వాత తనూ కోచ్ అయ్యారు, అంతర్జాతీయ రెఫరీ కూడా అయ్యారు. హైదరాబాద్ గల్లీ అయినా, ఫ్రూంజె షహర్ అయినా, ఉస్తాద్ ఇంటి కథ ఒకేలా ఉంటుంది. సొంత కొడుక్కు ఇచ్చేది కుర్చీ కాదు, హునర్. హునర్ ఇస్తే కుర్చీ వాడే తెచ్చుకుంటాడు.

తలంత్ స్పెయిన్‌కు ఆడి అట్లాంటాలో ఒకటి, సిడ్నీలో ఒకటి, రెండు ఒలింపిక్ కాంస్యాలు తెచ్చాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్పెయిన్ ఈజిప్టును 33–31తో ఓడించి కాంస్యం గెలిచినప్పుడు అలెక్స్ ఆ జట్టులో ఉన్నాడు. 2024 పారిస్‌లో స్లొవేనియాను 23–22తో ఓడించి మళ్ళీ కాంస్యం. ఈసారి అన్నదమ్ములిద్దరూ జట్టులో ఉన్నారు. స్కోరు గమనించారా? 1996లో సెవిల్ ఫైనల్లో తండ్రి ఓడిన స్కోరు కూడా 23–22. సోమవారం అనే మానీ ఉన్న ఫార్సీ లఫ్జ్, కిర్గిజ్ కొండలు దాటి, మాస్కో దాటి, స్పెయిన్ చొక్కా వీపు మీద అచ్చయింది. ఆ పేరును అక్కడి వాళ్ళు ఇప్పుడు పరాయి పేరు అనుకోరు. అనుకోకుండా చేయడానికి ఆ ఖాందాన్‌కు రెండు తరాల మెహనత్ పట్టింది.

మన ఇళ్ళలో పిల్లలకు ఆట అంటే టైమ్ బర్బాద్ అనే మాట ఇంకా వినిపిస్తుంది. ఆడపిల్లలకైతే ఆ మాట కూడా దొరకదు, ఆటే దొరకదు. మీ పిల్లల బడిలో హ్యాండ్‌బాల్ ఉందేమో ఒకసారి అడిగి చూడండి. దానికి ఖరీదైన బ్యాట్ అక్కర్లేదు, ప్యాడ్లు అక్కర్లేదు. ఒక బంతి, రెండు గోల్‌పోస్టులు, ఓపికగా నేర్పే ఒక సార్ చాలు. ఎవరైనా మీ పిల్లాణ్ణి, 'నువ్వు ఎటువైపు?' అని అడిగితే, ఆ రోజు వేసుకున్న చొక్కా చూపించి, బంతి తీసుకుని కోర్టులోకి పొమ్మని చెప్పండి.